ఇరువది యంకెల లెక్క

మా నాయనగారి పెట్టెలో మిగిలిన కాగితములలో మండీ చిట్టానుండి తీసిన రెండు పుటలు నేటికిని నాయొద్ద నున్నవి. వానిమీద బాకీలు లేవు, బస్తాల పద్దులు లేవు. పైనుండి క్రిందివరకు అంకెలు మాత్రమే. ప్రతి వరుసయు తన పైవరుసకు రెట్టింపు. రెండవ పుట మొదటి వరుసలో ఒక ఏడంకె ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడి, దాని నెత్తిన ఒకటి వేయబడియున్నది. పూర్వ విద్యార్థిగా మన పాఠశాల పత్రికకు ఏదైన వ్రాయుమని అడిగినప్పుడు నాకు తోచినది ఆ కాగితముల కథయే.

అది 1966వ సంవత్సరము. మేము బళ్ళారిలో నుంటిమి. ఆ యూరిలో కన్నడమును తెలుగును కలిసియే నడచును. అంగడిలో కన్నడమున మొదలైన మాట తెలుగున ముగియుట మాకు వింత కాదు. నేను తెలుగు మాధ్యమమున ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మా నాయనగారు బియ్యపు మండీలో గుమాస్తా. సిరుగుప్పనుండి బండ్లలోను లారీలలోను వచ్చు బస్తాల లెక్క వారిది. వారి చిట్టాలో కొట్టివేత యన్నది కనబడదని యజమాని నలుగురిలో చెప్పుకొనెడివాడు. ఆ కీర్తి మా నాయనగారికి జీతముకంటె ప్రియమైనది.

ఆ యేటి పరీక్షలు కాగానే నన్ను వేఱొక మాధ్యమపు బడిలో చేర్పవలెనని వారు నిశ్చయించుకొనిరి. కారణమును దాచలేదు. “పద్యాలు తెలుగులో చదువుకో, ఎవరు వద్దన్నారు? లెక్కలు తెలుగులో నేర్చుకుని ఏ ఆఫీసులో పనికొస్తావురా?” అనిరి. టి.సి. కొఱకు అర్జీ వ్రాసి చొక్కా జేబులో పెట్టుకొనిరి. అమ్మ ఏమియు ననలేదు. నేను రెండు దినములు సరిగా అన్నము తినలేదు. ఏమని వాదింతును? వారు చెప్పినది అబద్ధమని నిరూపించుటకు నాయొద్ద ఏమియు లేదు.

ఆ దినములలోనే మా తెలుగు అయ్యవారు మాకు సంఖ్యలకు మారుగా వాడు పదములను గూర్చి చెప్పిరి. చంద్రుడొక్కడు గనుక చంద్రుడన్న నొకటి. వేదములు నాలుగు, సముద్రములు నాలుగు. వానిలో నేది చెప్పినను నాలుగే. బాణములు అయిదు, ఋతువులు ఆఱు, కొండలు ఏడు, దిగ్గజములు ఎనిమిది, ఆకాశము సున్న. అంకెలు కుడినుండి ఎడమకు నడచును. ‘ఋతు రస నంద చంద్ర’ యనిన, ఋతువులు ఆఱు, రసములు ఆఱు, నందులు తొమ్మండుగురు, చంద్రుడొక్కడు. తిరుగవేసి చదివిన 1966. మేము మా పుట్టిన సంవత్సరములను ఇట్లే కట్టుకొని ఒకరి నొకరము పిలుచుకొంటిమి.

పిమ్మట వారొక చంపకమాల చెప్పిరి. అది పావులూరి మల్లనదిగా పండితులు చెప్పుదురు. మల్లన పదునొకండవ శతాబ్దమునాటి వాడందురు. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు పద్యములుగా మార్చిన వాడాతడు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున నుండినవాడు. ఆ ప్రభువు రాజధానియైన మాన్యఖేటమే నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ. అనగా కన్నడదేశమున సంస్కృతమున పుట్టిన గణితము తెలుగైనది. బళ్ళారి పిల్లలకు ఈ మాట చెప్పునపుడు మా అయ్యవారి కన్నులు మెఱయుట నాకు జ్ఞాపకము.

ఆ పద్యములోని సంఖ్య చదరంగపు గళ్ళకు సంబంధించినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గళ్ళకు రెట్టించుచు పోయిన మొత్తమెంత? చదరంగమును కల్పించినవాడు రాజునొద్ద ఈ బహుమానమునే కోరెననియు, రాజు నవ్వి ఒప్పుకొని పిమ్మట నవ్వలేకపోయెననియు కథ కలదు. అరబ్బు గ్రంథములలో ఆ కల్పించినవాని పేరు సిస్సా. సుమారు 1000వ సంవత్సరమున అల్‌బిరూనీ యను పండితుడు ఈ సంఖ్యను తన గ్రంథమున తుదియంకెవఱకు వ్రాసియుంచెను. మన పద్యమును తుదియంకెవఱకు చెప్పును:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది యంకెలు. కోటి కోట్లు కూడ దీనియెదుట చిన్నవి. రెండు పద్యపాదములకు మించి కొంచెము సాగునంతలో అంకెలన్నియు ముగియును.

ఆ రాత్రి భోజనమువేళ నేనీ పద్యమును గట్టిగా చదివితిని. నాయనగారు విని, “పద్యంలో లెక్క ఏమిటిరా? లెక్క అంటే చిట్టాలో ఉండాలి. వరుస మీద వరుస వేసి చూపించాలి” అనిరి. నేనేమియు ననకుండుట వారికి నచ్చలేదు కాబోలు. కంచము తీసిన వెంటనే మండీ చిట్టాలోని తెల్లకాగితములు రెండు తెప్పించి, దీపము దగ్గఱకు జరుపుకొని, ఒకటి యని మొదలుపెట్టిరి.

మొదటి వరుస గళ్ళు ఆటవలె సాగినవి. ఎనిమిదవ గడికి 128. పదునాఱవ గడికి 32,768. వేయి బియ్యపుగింజలు ఇంచుమించు ఇరువదియైదు గ్రాములు తూగును; కావున ఆ గడిలోని బియ్యము కిలోకైన చాలదు. ఇరువదినాలుగవ గడికి 83,88,608 గింజలు. రెండు క్వింటాళ్ళు దాటినది. ముప్పదిరెండవ గడికి 2,14,74,83,648. ఐదువందల ముప్పది క్వింటాళ్ళకు పైమాట. నాయనగారు కలము నిలిపి, “నాలుగు వరసలకే మా మండీ ఖాళీ అయిందిరా” అని నవ్విరి. ఇంకను నాలుగు వరుసలు మిగిలియున్నవి.

గళ్ళన్నిటిని కూడవలసిన పని లేదని వారు తమంతట తామే కనిపెట్టిరి. మొదటి మూడు గళ్ళ మొత్తము 7. నాలుగవ గడిలో 8. మొదటి నాలుగింటి మొత్తము 15. అయిదవ గడిలో 16. ఎచ్చట ఆపినను, అంతవఱకు గల మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువ. కావున లేని అఱువదియైదవ గడివఱకు రెట్టించి, ఒకటి తీసివేసిన చాలును. బడి మెట్లెక్కి మూడేండ్లకే దిగిన మనిషి ఇది ఆలోచించుట చూచి నేను నోరు తెఱచితిని. తుదకు వారు క్రింద రెండు గీతలు గీచి వ్రాసిన మొత్తమిది:

1,86,11,67,08,17,87,59,51,615.

“చూశావా? పద్యం తప్పు” అని దీపము తగ్గించిరి.

మఱునాడు ఆ కాగితములను తెలుగు అయ్యవారికి చూపితిని. వారు పద్యమును వ్రేళ్ళమీద లెక్కించి, గణములు సరిపోయినవనియు, ప్రాస సరిపోయినదనియు చెప్పిరి. అంతటితో నిలువక, “గణాలు సరిపోయినంత మాత్రాన లెక్క సరి అని నేను చెప్పలేను నాయనా. అది లెక్కల అయ్యవారిని అడుగు” అనిరి. తనకు తెలియనిదానిని తెలియదనుటకు ఆయన వెనుదీయలేదు.

లెక్కల అయ్యవారు రెండు సంఖ్యలను నల్లబల్లమీద ఒకదానిక్రింద నొకటి వ్రాయించి, ముందు నన్నే పరీక్షింపుమనిరి. జంటలుగా గళ్ళను చూడుము: 1యు 2యు కలిసి 3; 4యు 8యు కలిసి 12; ప్రతి జంటయు మూడిట భాగింపబడును. కావున మొత్తమును మూడిట పోవలెను. పద్యపు సంఖ్యలోని అంకెలను కూడితిని: 87. మూడిట పోయినది. నాయనగారి సంఖ్యలోని అంకెలను కూడితిని: 93. అదియు పోయినది! నాలుగేసి గళ్ళను చూచిన 1, 2, 4, 8 కలిసి 15. కావున అయిదిటను పోవలెను. రెండు సంఖ్యలును అయిదుతోనే ముగియుచున్నవి. నాకు గుండె జారినది. రెండును సరియే యనిపించుచున్నవి. రెండును సరియగుట మాత్రము పొసగదు.

“ఒక వరస మొత్తం కూడు” అనిరి అయ్యవారు. ఎనిమిది గళ్ళ మొత్తము 255. అది 15ను 17ను హెచ్చింపగా వచ్చునది. రెండవ వరుసలోని ప్రతి గడియు మొదటి వరుసలోని గడికి 256 రెట్లు. మూడవ వరుస రెండవదానికి 256 రెట్లు. కావున ప్రతి వరుస మొత్తమును పదునేడిట పోవలెను; ఎనిమిది వరుసల మొత్తమును పోవలెను. “ఇప్పుడు రెంటినీ పదిహేడుతో భాగించి చూడు.”

పద్యపు సంఖ్యను భాగించితిని. ఒక్కొక యంకె దించుకొనుచు వచ్చి వచ్చి తుదకు శేషము సున్న. నాయనగారి సంఖ్యను భాగించితిని. తొమ్మిది మిగిలినది. తప్పు చేసితినేమో యని మరల భాగించితిని. తొమ్మిదియే.

బడినుండి ఇల్లు చేరువఱకు నాకు సంతోషము కలుగలేదు, భయమే కలిగినది. కొట్టివేత లేని చిట్టా వ్రాయు మనిషితో ఆయన లెక్క తప్పని ఎట్లు చెప్పుదును? రాత్రి వారు చేతులు కడుగుకొనిన పిమ్మట, “నాయనా, మీ లెక్క పదిహేడుతో పోవడం లేదు” అని మాత్రమంటిని. ఎందులకు పోవలెనో చెప్పుమనిరి. వరుస మొత్తము, 255, 256 రెట్లు, అన్నియు అయ్యవారు చెప్పినట్లే చెప్పితిని. నడుమ ఒక్క మాటయు అడ్డురాక విని, కాగితములు తెమ్మనిరి.

అటుపిమ్మట జరిగినదానిని నేనెన్నడును మఱువలేదు. వారు అఱువదియైదు వరుసలను మొదటినుండి సరిచూచుకొనలేదు. రెండు మొత్తములను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, కుడినుండి ఒక్కొక యంకెమీద వ్రేలు పెట్టుచు వచ్చిరి. అయిదు, ఒకటి, ఆఱు, ఒకటి, అయిదు, అయిదంకెలును సరిపోయినవి. ఆఱవదగ్గఱ పద్యమున 5, కాగితమున 9. వ్రేలచ్చట నిలిచినది. “తప్పు రెట్టింపవుతూ ఎడమకు పోతుంది గాని కుడికి రాదురా” అని తమలో తాము అనుకొన్నట్లు అనిరి. ఒక్క యంకె తప్పుగా దిగియున్నయెడల అది లక్షల స్థానమున దిగియుండవలెను. దానికి కుడివైపున పడిన తప్పైనచో ఆ కుడియంకెలును చెడియుండెడివి. అప్పుడు వారు లక్షల స్థానమును మాత్రము పట్టుకొని పైనుండి క్రిందికి రాసాగిరి.

ఇరువదియేడవ వరుసలో దొరికినది. మొదటి పుట అడుగున 6,71,08,864 అని సరిగానే యున్నది. పుట త్రిప్పి, ‘వెనుక పుటనుండి తెచ్చినది’ యని రెండవ పుట తలమీద వ్రాసికొన్నప్పుడు అది 6,77,08,864 అయినది. ఒకటి ఏడైనది. ఆఱు లక్షల గింజల తేడా. పదునైదు కిలోల బియ్యము. అది ముప్పదియెనిమిది మారులు రెట్టింపై, తుదకు పదునెనిమిదంకెల తప్పైనది. ఆఱు లక్షలు మూడిటను అయిదిటను పోవును గనుక ఎన్ని రెట్లైనను ఆ రెండు పరీక్షలకు దొరకలేదు. పదునేడిట పోదు గనుక అచ్చట దొరకిపోయినది.

నాయనగారు ఎఱ్ఱసిరా తెమ్మనిరి. ఆ ఇంటిలో ఎఱ్ఱసిరాతో పని పడుట నేను చూచినది అదే మొదటిమాఱు. ఏడును కొట్టివేసి ఒకటి వేసి, అచ్చటినుండి ముప్పదియెనిమిది వరుసలను వెనుకవైపున మరల రెట్టించిరి. పద్యములోని యంకెలు ఒక్కటియు పోకుండ వచ్చినవి.

చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “పదిహేడు సంగతి నీకు ఎవరు చెప్పారు?” అనిరి.

“మా లెక్కల అయ్యవారు.”

“తెలుగులోనేనా?”

“తెలుగులోనే.”

మఱునాడు ఉదయమున ఆ చొక్కాను ఉతుకుటకు తీయుచు అమ్మ జేబులోని అర్జీని దేవుని గూటిలో పెట్టినది. వేసవి గడచినది. బడి తెఱచిరి. ఆ అర్జీ ఎచ్చట నున్నదని నాయనగారు అడుగలేదు. నేను ఆ బడిలోనే తొమ్మిదియు పదియు చదివితిని.

పిమ్మట నేనును లెక్కలు చెప్పి బ్రదికితిని. ఈ సంఖ్య నన్ను విడిచిపోలేదు. దానిలో చదరంగము, బియ్యము కాక ఇంకను ఎంతయో యున్నదని క్రమముగా తెలిసినది. అందులో ఒకటి మాత్రము ఇచ్చట చెప్పెదను. కాగితము, కలము దగ్గఱ పెట్టుకొని చదువుడు.

ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేసిన, అది ఆ సంఖ్యకు ఒకటి తక్కువదానిని ఒకటి యెక్కువదానిచే హెచ్చించినదానికి సమానము. పది వర్గము నూఱు. తొంబదితొమ్మిది యనగా తొమ్మిది పదునొకండ్లు. మన సంఖ్యకు ఒకటి కలిపిన వచ్చునది 4,29,49,67,296 యొక్క వర్గము. కావున మన సంఖ్య 4,29,49,67,295ను 4,29,49,67,297ను హెచ్చింపగా వచ్చును. ఇందులో చిన్నదానిని మరల అట్లే విఱువవచ్చును: 65,535ను 65,537. మరల 65,535ను విఱిచిన 255ను 257. 255 అనగా 15ను 17. 15 అనగా 3ను 5. చూడుడు, మా అయ్యవారి మూడు, అయిదు, పదునేడు ఒకే మెట్లవరుసలోనివి! మెట్లన్నియు ఇవి: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. వీనినన్నిటిని హెచ్చించిన చదరంగపు సంఖ్య వచ్చును.

మొదటి అయిదును అభాజ్య సంఖ్యలు. ఫ్రాన్సు దేశమున ఫెర్మా యను గణితజ్ఞుడు 1640 ప్రాంతమున ఈ మెట్లను చూచి, ఇవి ఎంతదూరము పోయినను అభాజ్యములే యని నమ్మెను. నిరూపింపలేకపోయెను. 1732లో ఆయిలర్ ఆఱవ మెట్టును విఱిచి చూపెను: 4,29,49,67,297 అనగా 641ని 67,00,417 చే హెచ్చించినది. మహామహుడైన ఫెర్మా పొరబడెను. ఆఱవ మెట్టునకు పైన నేటివఱకు పరీక్షకు లొంగిన మెట్లలో అభాజ్యమైనది ఒక్కటియు దొరకలేదు. (ఇది చదివిన నాడు నాకు మా నాయనగారిమీద గౌరవము పెరిగినది. అంత గొప్పవాని చిట్టాలోను కొట్టివేత యున్నది.)

641తో పోవునని భాగింపకయే చూపవచ్చును. 641 అనగా 640కి ఒకటి కలిపినది. 625కు 16 కలిపినదియు అదియే. 4,29,49,67,296 అనగా 26,84,35,456కు 16 రెట్లు. 16కు మారుగా 641లో 625 తక్కువ యని వ్రాయుడు. అప్పుడు అది 26,84,35,456కు 641 రెట్లనుండి 625 రెట్లు తీసివేసినదగును. ఆ 625 రెట్లు సరిగా 640ని నాలుగుమారులు హెచ్చవేసిన సంఖ్యయే. 640 అనగా 641కి ఒకటి తక్కువ గనుక, దానిని నాలుగుమారులు హెచ్చవేసి 641చే భాగించిన ఒకటి మిగులును. తీసివేయుటలో ఆ యొకటి కొఱతయగును. ఆఱవ మెట్టులో కలిపిన ఒకటి ఆ కొఱతను తీర్చును. శేషము సున్న. నేనిది మొదటిమాఱు చూచినప్పుడు పుస్తకము మూసి వీథిలోనికి పోయి కొంచెముసేపు నడచి వచ్చితిని.

అయిదవ మెట్టువఱకు గల 3, 5, 17, 257, 65,537 తోనే వేఱొక విచిత్రము. పదునేడు సమానభుజములుగల ఆకృతిని గీటుబద్ద, వృత్తలేఖినులు మాత్రముతో గీయవచ్చునని గౌస్ 1796లో, ఇరువదియేండ్లు నిండకముందే, కనుగొనెను. ఆ సంగతి వేఱుగా వ్రాయదగినది. ఇచ్చట చోటు చాలదు.

విద్యార్థులకు ఇంకొక చిన్న వినోదము. ఈ సంఖ్యకు అభాజ్య భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ప్రతిదియు ఒక్కొకమాఱే వచ్చును. ఒక్కొకదానిని చేర్చుకొనుటయో విడుచుటయో. కావున దీనిని భాగించు సంఖ్యలు మొత్తము 128. అది చదరంగపు బల్లమీద ఎనిమిదవ గడిలోని గింజల సంఖ్యయే.

బియ్యము సంగతి మఱచితిని. వేయి గింజలకు ఇరువదియైదు గ్రాముల చొప్పున ఇది ఇంచుమించు 46 వేల కోట్ల టన్నులు. లోకమంతయు ఇటీవల ఏటికి పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైమాట. అనగా రాజు తొమ్మిదివందల యేండ్ల పంట బాకీపడెను. 1883లో లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు కాశిలో మూడు కడ్డీలమీద అఱువదినాలుగు పళ్ళెములను బ్రాహ్మణులు మార్చుచుందురను కథతో ఒక ఆటను ప్రచారములోనికి తెచ్చెను. ఆ మార్పుల సంఖ్యయు ఇదియే. క్షణమున కొకటి చొప్పున మార్చినను 58 వేల కోట్ల సంవత్సరములు పట్టును. మన లెక్కన బ్రహ్మకు నూటముప్పదియైదు పగళ్ళు.

ఇటీవల మా మనుమరాలు కంప్యూటరులో పట్టికలు వేయుచుండగా, ఒకటినుండి రెట్టించుచు అఱువదియైదు గళ్ళు నింపుమని అడిగితిని. కన్ను మూసి తెఱచునంతలో నింపినది. తుదిగడిలోని సంఖ్యను విప్పి చూచిన 184467440737096, ఆ పిమ్మట అయిదు సున్నలు. ఒకటి తీసివేయుమంటిని. మారలేదు. ఆ పట్టికలు పదునైదంకెలవఱకే నిలుపుకొనునట, తక్కినవానిని సరిదిద్ది సున్నలు వేయునట. “చివరివి ఏమిటి తాతా?” అని అడిగినది.

నేను పద్యము మొదలుపెట్టితిని. అంకెలు కుడినుండి నడచును గనుక ఆమెకు కావలసిన అయిదును మొదటనే వచ్చినవి: అయిదు, ఒకటి, ఆఱు, ఒకటి, అయిదు. పెట్టెలోని కాగితములు తీసి చూపితిని. మా నాయనగారి తప్పు మొత్తములోను కుడివైపున సరిగా నిలిచిన అంకెలు ఆ అయిదే.